కొంగ కనబడేదాకా

మార్చి ఒకటిన తెల్లారకముందే
ఎరుపూ తెలుపూ దారాలు పేని
ఇంట్లో అందరికీ కట్టాను.
కాలినాకి మణికట్టున రెండు ముళ్ళు,
అడిగి మరీ వేయించుకుంది.
ల్యూబెన్‌కి చొక్కా జేబు మీద, పిన్నీసుతో.
చంటాడు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటాడని
వాడిది స్ట్రోలర్ పిడికి.
కొంగ కనబడేదాకా తీయకూడదు.
అంతవరకూ మార్త అవ్వ దయ.

అవ్వ దయ ఎలాంటిదో
దాన్యూబ్ ఒడ్డువాళ్ళకి చెప్పక్కర్లేదు.
పొద్దున్నే నవ్వుతుంది,
నమ్మి బాల్కనీలో దుప్పట్లు ఆరేస్తాం.
మధ్యాహ్నానికి మూతి ముడుస్తుంది,
దుప్పట్లు అప్పడాల్లా బిగుసుకుంటాయి.

మొదటి వారమే
పిన్నీసు తీయడం మరిచి మిషన్లో వేశాను.
మూడు తెల్ల యూనిఫాం చొక్కాలు
గులాబీ రంగులో బయటికొచ్చాయి.
అవే తొడుక్కుని బస్సు నడిపాడు.
ఎక్కిన ముసలమ్మలందరూ
"ఏం పెళ్ళికొడుకా" అన్నారట.
మొదటి రోజు నవ్వుతూ చెప్పాడు.
నాలుగో రోజు ఏమీ చెప్పలేదు.
ఆ రోజే అతని రూటు తగ్గించారు.

తర్వాత చంటాడి చెవిపోటు.
తర్వాత కరెంటు బిల్లు.
పిల్లలు నిద్రపోయాక
గొంతు పెంచకుండా పోట్లాడుకోవడం
ఎంత కష్టమో,
గుసగుసల్లో తిట్లు ఎంత పదునెక్కుతాయో.

చెవి మందుకని వెళ్ళినప్పుడు
ఫార్మసీ పొగగొట్టం మీద చూశాను దాన్ని.
ఒంటికాలి మీద,
ఎవరింటికొచ్చిందో మరిచిపోయిన చుట్టంలా.
మేమిద్దరం మాట్లాడుకోని మూడో రోజది.
కొంగొచ్చిందని నేనే ముందు నోరు విప్పితే
నేనే దిగొచ్చినట్టవుతుందని
దారమున్న చేతిని కోటు జేబులో దాచుకుని
ఇంటికొచ్చేశాను.

గురువారం గుడ్లకి రంగులు.
మొదటిది ఎర్రది.
ఇంకా వెచ్చగా ఉండగానే
పిల్లల బుగ్గలకి, నుదుటికి రాశాను,
ఏడాదంతా ఆ రంగు ఉండాలని.
చంటాడు దాన్ని నాకబోయాడు.
దేవుడి పటం దగ్గర పోయినేటి గుడ్డుంది,
వీడు నా కడుపులో తన్నడం మొదలెట్టిన వారం రంగేసింది.
కాలినా చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.
"లోపల గింజ ఉందమ్మా" అంది.
జెరేనియం కుండీలో పాతిపెట్టింది.
రోజూ నీళ్ళు పోస్తోంది.
ఏం మొలుస్తుందో నేనడగలేదు.

కోజునాక్ పిండి మాత్రం పొంగలేదు.
"కిటికీలు మూసెయ్,
గాలి తగిలితే పిండి అలుగుతుంది" అని
ఫోనులో అత్తగారు స్తోయాంకా.
హీటర్ ఆపేసి పదిరోజులైందని ఆవిడకి చెప్పలేదు.
అర్ధరాత్రి దాహమేసి లేచి చూస్తే
వంటింట్లో కుర్చీ మీద ల్యూబెన్,
గిన్నెని గులాబీ చొక్కాలో చుట్టి
పొట్టకి హత్తుకుని
కూర్చునే నిద్రపోతున్నాడు.
లైటు వేయకుండా
నా శాలువా అతని భుజాల మీద కప్పాను.
పొద్దుటికి పిండి పొంగీ పొంగనట్టు,
మూతిని వేలెడు దూరంలో ఆగింది.
చాలు, కాల్చేశాం.

ఆదివారం గుడ్ల పోటీలో
కాలినా గుడ్డుకి దెబ్బే తగల్లేదు.
గెలిచి, నాన్న గుడ్డు పగిలిందని ఏడ్చింది.
ముక్కు తుడుస్తుంటే చెప్పింది:
"కొంగని నేనెప్పుడో చూశాను."
మరి దారం?
"తమ్ముడు చూడలేదుగా.
వాడికి పైకి చూడ్డం ఇంకా రాలేదు."
ల్యూబెన్ నావైపు చూశాడు.
నేను గిన్నెలు తోమడంలో పడ్డాను.

అందరం కిందికి దిగాం.
పొగగొట్టం మీద గూడుంది, కొంగ లేదు.
చంటాణ్ణి భుజాల మీద కూర్చోబెట్టి
అరగంట నిలబడ్డాం.
వాడు తండ్రి జుట్టు చూశాడు,
చెత్తకుండీ మీద పావురాన్ని చూసి కేరింత కొట్టాడు.
కాలినా కాసేపు ఆలోచించింది.
"సరే, అదీ పక్షే" అంది.
ఆవరణలో పూచిన ప్లమ్ చెట్టుకి దారాలు కట్టాం.
ఆమె రెండో ముడి రాకపోతే
ల్యూబెన్ పళ్ళతో విప్పాడు.
నాది విప్పుతూ, కొంగ గురించి చెబుదామనుకున్నాను.
వాన మొదలైంది.

మంగళవారం డ్యూటీకి
ఆ చొక్కాయే వేసుకెళ్ళాడు.
బస్సంతా నిమ్మతొక్క వాసనట,
ముసలమ్మలు ఆరా తీశారట.
చెప్పాడట, పిండి సంగతి.
నాకు చెబుతూ నవ్వాడు.