చిటికెడు వదులు

కెమియార్విలో జనవరి పొద్దు
అద్దం మీద మంచు గీకుతూ లెక్క చూసుకుంటాను.
మా సైమికి మూడేళ్ళ రెండు నెలలు.
వయసు కేకు మీద కొవ్వొత్తులకి పనికొస్తుంది,
సీటుకి అక్కర్లేదు.
సీటు అడిగేది బరువెంత, ఎత్తెంత,
నడినెత్తికీ చిప్ప పైఅంచుకీ మధ్య
ఇంకా ఎన్ని వేళ్ళు మిగిలాయి అని.
మూడు.
పోస్టు సంచులు మోసి లావెక్కిన నా వేళ్ళతో మూడు.

ఇంకా వెనక్కి తిరిగే కూర్చుంటుంది.
"పాపం, కాళ్ళు ముడుచుకుపోయాయి,
ముందుకి తిప్పవే, లోకం చూస్తుంది" అంటుంది ఇర్యా అత్త.
ముడుచుకునేవి కాళ్ళే కదా అత్తా,
మెడ ఇంకా పచ్చి కాడ.
దాని మీద తల, గుమ్మడికాయంత.
బండి ఉన్నట్టుండి ఆగిందనుకో,
ఆ బరువు ఎవరు కాయాలి?
వీపంతా పరుచుకున్న ఈ చిప్పా,
ఒంటరి మెడా?
అత్త ఊలు ఉండ చుట్టుకుంది,
కాఫీ ఇంకో కప్పు పోసింది.

మైనస్ ఇరవై ఆరు.
ఇంటి నుంచి కారు దాకా బొంతలాంటి సూటు,
కారు దగ్గర అది విప్పడం ఒక కురుక్షేత్రం.
దూది మీద పట్టీ బిగిస్తే
బిగిసేది పట్టీ కాదు, దూది.
గుద్దుకున్న క్షణాన అది నలిగి గాలైపోతుంది,
పిల్ల జారిపోను దారి మిగులుతుంది.
అందుకని ముందే ఇంజను వెచ్చబెట్టి
ఉన్ని చొక్కా మీదే బకిల్ పెడతాను.
భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లి చూస్తాను.
చిటికెడు ఉప్పు ఎక్కువైతే పులుసు పారబోస్తాం,
చిటికెడు వదులు ఎక్కువైతే
...
ఇంకాస్త లాగుతాను.
తరవాత సూటు తిరగేసి మీద కప్పితే
చేతులు ముందు నుంచి దూర్చి
పెంగ్విన్‌ని అంటుంది.

పోయిన అక్టోబరులో రైమో ఒక సీటు తెచ్చాడు, ఉత్తినే.
కొత్తగా మెరుస్తోంది.
"ఎప్పుడైనా గుద్దుకుందా?"
"అబ్బే. ఒకసారి గుంటలోకి జారాం, అంతే.
గీత కూడా పడలేదు చూడు."
గీతలు పైన పడతాయి రైమో,
విరిగేది లోపల.
రెండు రోజులు షెడ్డులో ఉంచాను.
కొత్తది నా జీతంలో వారం రోజుల రొట్టె.
మూడో రోజు చేపలు కోసే కత్తెర తెచ్చి
పట్టీలు ఐదూ తెగ్గోశాను.
అంత గట్టి పట్టీ,
కత్తెర పళ్ళు కొరుక్కుంది.
ఊరికే పారేస్తే
నాలాగే చిల్లర లెక్కపెట్టుకునే ఏ తల్లో
రాత్రిపూట చెత్తడబ్బా దగ్గర ఏరుకుపోతుంది.

రైమో మూడు వారాలు మాట్లాడలేదు.
నాలుగో వారం పోస్టాఫీసు పెరట్లో
మనవణ్ణి ముందు నిలబెట్టాడు:
"వీడికి బెల్టు మెడ కోస్తోంది."
ఎత్తుపీట తీసి డిక్కీలో పడేశారట,
స్నేహితులు నవ్వుతున్నారని.
విల్హోకి ఎనిమిదేళ్ళు, మీసం వచ్చినంత మొహమాటం.
పీట మీద కూర్చోబెట్టాను.
అడ్డపట్టీ పొట్ట దిగి తుంటి ఎముక పట్టుకుంది,
భుజంపట్టీ మెడ వదిలి భుజం ఎక్కింది.
"ఇంకెన్నాళ్ళు?"
"ఇంకో మూడు సెంటీమీటర్లు."
"అంటే గంజి తినాలన్నమాట"
అని నేల చూశాడు.
రైమో బూటుతో మంచు తన్నుతున్నాడు.

చీకటి రోడ్డు మీద నేను ముందుకి,
తను వెనక్కి.
నాకు రాబోయేది, తనకి అయిపోయింది.
"అమ్మా, రెయిన్‌డీర్!"
ఎక్కడే?
"వెళ్ళిపోయాం కదా."
నాకేమీ కనిపించలేదు.
మేం దాటాక ఏదో రోడ్డెక్కిందట,
మా టైరు గీతల మధ్య నిలబడి
మమ్మల్నే చూసిందట.

నిన్న మళ్ళీ కొలిచాను.
రెండున్నర వేళ్ళు.