పగులుకు వెనక్కి నడవడం రాదు

బాలరాట్‌లో మా వంటింటి గోడ
ఏడాదిన్నరగా నోరు తెరుస్తోంది.
కింద ఎవరో ఎప్పుడో బంగారం కోసం తవ్వి
ఖాళీని మాత్రం వదిలి వెళ్లారట.

నెలకో ఫొటో తీశాను,
పక్కన ఇరవై సెంట్ల బిళ్ల ఆనించి.
ఇన్సూరెన్స్ మోర్వెన్ అడిగింది:
ఏది ముందు, ఏది తర్వాత?

ఆన్‌లైన్‌లో దాచినవి తెరిస్తే
పద్దెనిమిదింటికీ ఒకటే తేదీ,
పంతొమ్మిది వందల డెబ్బై, జనవరి ఒకటి.
అప్పటికి ఈ ఇటుకలు ఇంకా మట్టి.

రాత్రంతా సెట్టింగుల్లో దేవులాడాను.
ఓ మూల, చీమతలంత అక్షరాల్లో
‘సైజు తగ్గించు’, ఎదురుగా టిక్కు.
నేనే పెట్టుంటాను, డేటా మిగులుతుందని.
అది బొమ్మని ఉంచుకుని
వీపున రాసున్న తేదీ, వేళ, చోటు గీకేసింది.
అసలువి పాత ఫోనులో ఉండేవి.
పాత ఫోను అంట్ల సింకులో మునిగింది.

టిక్కు తీసేశాను.
ఇకమీదటివి బాగానే ఉంటాయి.

తెల్లారుజామున బొమ్మలనే అడిగాను.
ఇందులో నా బొటనవేలికి బ్యాండేజీ:
గుమ్మడికాయ కోస్తూ తెగింది, ఈస్టర్ ముందు.
ఇందులో ఎండ బిళ్లదాకా పాకింది:
జూన్, సూర్యుడు కిందికి దిగే నెల.
ఇందులో గోటి కొసన గోరింటాకు
నెలవంకంత:
రజియా పెళ్లయి మూడు నెలలు.
మిగతావి బిళ్లతో కొలిచాను.

వరసన పేర్చి పంపితే
మోర్వెన్ ఒక్క ముక్క రాసింది:
అంచనా తేదీలు చెల్లవు.

పెన్సిల్ తీసుకుని
పగులు కొసన, గోడమీదే,
ఆ రోజు తేదీ వేశాను.

మూడు వారాలకు
అది అంకెల మధ్యనుంచి దూరి
అవతలికి వెళ్లిపోయింది.