జారిపడనప్పుడు కూడా

"సాయంసంధ్య" అన్నాను.
వద్దు, చావు వాసనేస్తోంది, అన్నాడు రాదోస్వావ్.
"రెండో వసంతం" అన్నాను.
అది పరుపుల కంపెనీవాళ్ళు ఎప్పుడో కొనేశారట.

వూచ్ నగరం, మూడో అంతస్తు,
కిటికీ చూరు నుంచి కరిగిన మంచు చుక్కలు.
అరవై దాటినవాళ్ళకి జోడీ వెతికిపెట్టే కంపెనీ మాకిచ్చిన పని.
నెలకి నలభై జ్లోతీలు, మొదటి వారం ఉచితం.
బల్లనిండా ఫోటోలు:
సముద్రపొడ్డున చేతులు పట్టుకుని పరిగెత్తే మోడళ్ళు,
సున్నం కొట్టినట్టున్న పళ్ళు.
ఆమెకి నలభై ఆరేళ్ళు,
జుట్టుకి మాత్రమే డెబ్బై.

సరుకు చూడకుండా బేరమేమిటని
నన్ను చెహొచీనెక్ రైలెక్కించారు.

ఆ ఊళ్ళో ముళ్ళకొమ్మలు పేర్చి కట్టిన గోడలుంటాయి,
నాలుగు నిలువుల ఎత్తు.
పైనుంచి ఉప్పునీళ్ళు రోజంతా కారుతుంటాయి.
పింఛనుదారులు కోటు గుండీలన్నీ పెట్టుకుని
ఆ పక్కన మెల్లగా నడుస్తారు.
గాలి పీల్చడమే అక్కడ ఉద్యోగం.
డాన్సు ఐదింటికే మొదలు.
పదింటికి ఆరోగ్యకేంద్రం తలుపులు మూసేస్తారు,
హాస్టల్లో ఆడపిల్లలకి మూసినట్టు.

ఎదురు కుర్చీలో ఫెలిత్సియా బూట్లు మార్చుకుంటోంది.
ముప్పై ఒక్కేళ్ళు ట్రామ్ నడిపిందట.
నా చేతిలో కాగితం లాక్కుంది.
కళ్ళద్దాలు పైకెత్తి ఓసారి, దించి ఓసారి చదివింది.

"ఒంటరితనానికి వీడ్కోలా?
ఇది ఎవరికి రాశావు పిల్లా?
ఒంటరితనంతో నాకేం తగువు లేదు.
తన మానాన తను ఓ మూల కూర్చుంటుంది,
రొట్టెలో వాటా కూడా అడగదు.
నాకు కావలసింది
వీపు మీద జిప్పు పైకి లాగే చెయ్యి.
రాత్రి వార్తల్లో మంత్రి అబద్ధమాడుతుంటే
చూశావా అంటే, చూశా అనే గొంతు.
స్నానాలగదిలో జారిపడితే నొక్కమని
కోడలు నా మెడలో ఓ మీట కట్టింది. మంచిదే.
కానీ
జారిపడనప్పుడు కూడా ఎవరైనా తలుపు తట్టాలి కదా."

ఇంతలో తెయోఫిల్ వచ్చి చెయ్యి చాచాడు.
లిఫ్టులు బాగుచేసేవాడట.
"మధ్యలో ఆగిపోయినవాటిని కదిలించడమే నా పని"
ఈ మాట ఈ సీజనులో ఎందరితో అన్నాడో.
"పట్టాలు తప్పితే నాది పూచీ కాదు" అందామె.
అతని ఎడమ చెవి వినదు.
ఆమె ఎవరూ చెప్పకుండానే కుడివైపుకి తిరిగింది.
కార్డులో వయసెంత రాశావని అతనడిగాడు.
అరవై తొమ్మిది.
నేనూ అంతే.
ఇద్దరూ పడీపడీ నవ్వారు.

నేను నవ్వలేదు,
రాసుకుంటున్నాను.

అత్త సొమ్ము అల్లుడు దానమన్నట్టు
ఆమె మాట నేను అమ్మాను.
అడగలేదు. అడిగితే ఇచ్చేదే,
అడగకపోవడానికి అదొక సాకు.
రాదోస్వావ్ సగం కొట్టేసి
"తలుపు తట్టండి" అని మిగిల్చాడు.
పసుపు రంగు మీద నల్లటి పెద్ద అక్షరాలు.
ఏప్రిల్లో పదకొండు వేలమంది చేరారు.
బోనసుతో నేను చలికోటు కొనుక్కున్నాను,
చలికాలం అయిపోయాక.

మొన్న ట్రాములో
నా తల పక్కనే మా పోస్టరు.
దాని కింద బాల్‌పెన్నుతో, వణికే చేతిరాతలో ఎవరో:

"తట్టాను. లేవు. డాన్సుకి పోయావా?
మళ్ళీ గురువారం వస్తా."

అది లిఫ్టులాయన రాతో, కాదో.
ఈ నగరంలో వణికే చేతులు ఎన్ని లేవు!
గురువారం, గురువారం అనుకుంటూ నిలబడ్డాను.
నేను దిగాల్సిన స్టాపు
ఎప్పుడు దాటిందో తెలియలేదు.