పూడ్చరాదు

బల్లరాట్‌లో జూలై అంటే
నోరు తెరిస్తే మాటకన్నా ముందు పొగ వస్తుంది.
చెత్త యార్డు గేటు దగ్గర, నారింజ కోటులో, నేను.
నా వెనక, రాత్రికి రాత్రి మొలిచిన బోర్డు:
ప్లగ్గున్నదీ బ్యాటరీ ఉన్నదీ ఏదీ
ఇకమీదట ఈ గోతిలో పూడ్చరాదు.

"నిన్నటిదాకా పడేశాం కదా?"
నిన్నటిదాకా, అన్నాను.
ఒకాయన వాదించాడు.
ఒకావిడ టోస్టర్‌ని ఒళ్ళో పెట్టుకుని
అలిగి ఇంటికే పోయింది.
ఇంకొకడు కోసిన గడ్డి బస్తాలో కెటిల్ దాచాడు,
తాడు మాత్రం బయటికి వేలాడుతోంది
కలుగులో దూరిన ఎలుక తోకలా.
పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం
ఏ దేశంలోనైనా ఒకటే.

పదకొండింటికి డెంజిల్ ట్రెవాస్కిస్ వ్యాను వచ్చింది.
ఎనభై దాటినవాడు. మూసేసిన రిపేరు కొట్టు మొత్తం వెనకాల:
పొట్టలుబ్బిన టీవీలు, పద్నాలుగు.
షెడ్డు చూపించాను. సాయం వద్దన్నాడు.
ఒక్కొక్కటీ తనే దింపాడు,
నిద్రపోయిన పిల్లల్ని కారులోంచి దింపినట్టు.

ఒకదాని వీపు పలక విప్పాడు.
లోపల, చెక్క మీద, పెన్సిల్ రాత:
మార్చి 1981. కెపాసిటర్.
నవంబరు 1988. మళ్ళీ కెపాసిటర్.
1994. ట్యూబు. డబ్బులివ్వలేదు.

"వీటినేం చేస్తారు?"
గాజు వేరు, సీసం వేరు, రాగి వేరు చేస్తారట.
కొన్నిటిలో చిటికెడు బంగారం కూడా ఉంటుందట.

నవ్వాడు. నవ్వుతూ దగ్గాడు.
"మా ముత్తాత ఈ ఊళ్ళోనే
కొండంత మట్టి తవ్వి గోరంత బంగారం తీశాడు.
మనం దాన్ని డబ్బాల్లో పెట్టి
మళ్ళీ మట్టికే అప్పజెప్పాం."

నాకేం చెప్పాలో తోచలేదు.
బోర్డు మీద వాలిన మాగ్‌పై ఒకటి గొంతు సవరించుకుంది.

పెన్సిలుందా, అని అడిగాడు.
తూనిక చీట్లు రాసేది ఇచ్చాను.
ఆ మూడు వరసల కింద, చేయి వణుకుతుంటే,
ఇవాళ్టి తేదీ వేశాడు.
పక్కన: ఇక నావల్ల కాదు. బాగానే పనిచేసింది.

సాయంత్రం గేటుకి తాళం వేస్తుంటే గుర్తొచ్చింది,
మా వంటింటి సొరుగులో, అప్పడాల కర్ర పక్కన,
మూడు చచ్చిన ఫోన్లు.
ఒకదాని అద్దం పగిలింది, ఒకటి నీళ్ళలో పడింది,
మూడోదానికి ఏమైందో గుర్తే లేదు.
పొద్దుటినుంచీ ఊరందరికీ చదివి వినిపించాను.
బోర్డు నా వీపు వెనకే ఉంది కదా,
నేను మాత్రం చదవలేదు.