పడ్డది పడ్డట్టే

మెట్టుగూడలో జిరాక్స్ షాపు మీది గది మాది,
శనివారం రాత్రి ఎనిమిది తర్వాత.
కిటికీ దాటి పదడుగుల్లో పట్టాలు.
మౌలాలి వైపు గూడ్సు కదిలిందంటే
బల్ల మీది కోట గోడలు, చాయ్ గ్లాసులు,
ఇరవై ముఖాల పాచిక
ఒక్కసారే ఒళ్లు విరుచుకుంటాయి.

కథ నడిపేది నేను.
పాత పెళ్లికార్డుల అట్టలు అతికించి
అడ్డుతెర కట్టుకున్నాను.
దాని వెనక రాక్షసుల ప్రాణాలు పెన్సిల్‌తో రాసి ఉంటాయి,
తుడిచేందుకు వీలుగా.

పగలు నా ఉద్యోగం తూనికలు కొలతల శాఖలో.
మోండా మార్కెట్లో తరాజు అడుగున అంటించిన చింతపండు ముద్దను
వేలితో తడిమి పట్టుకుంటాను.
పది గ్రాముల మోసం.
చలానా రాస్తాను.

నర్సింలు అందరికన్నా ఆఖర్న వస్తాడు,
హెల్మెట్‌లోంచి వాన కారుతూ,
ఆర్డర్ల ఫోను జేబులో ఇంకా గొణుగుతూ.
పొద్దున్నించి ఇరవై ఆరు గుమ్మాలు,
ఒక్క గుమ్మమూ కూర్చోమనలేదు.
మా ఆటలో వంతెన కాపలా వీరుడు.
పాచిక వేశాడు. రెండు.
"రైలుకి కదిలింది, మళ్లీ వెయ్యి" అన్నాను.
పదిహేడు.
పాచిక పారింది. కాకపోతే అది నాది.
బయట ఎన్నడూ ఇరవై పడని మనిషికి
ఇక్కడైనా పడనీ అనుకున్నాను.

తస్లీమా తాళాలు తీసే దొంగ.
ఆమె పాచిక సమోసాల పళ్లేనికి ఒరిగి అంచు మీద నిలబడితే
"పడ్డది పడ్డట్టే" అన్నాను.
యాకుత్‌పురా నుంచి రెండు బస్సులు మారి వస్తుందని
ఏడాది దాకా నాకు తెలీదు.
అలసట చెప్పుకోని వాళ్లకు
నా దయలో వాటా లేదు.

చిన్న సమోసాలు పన్నెండు. మేం ఐదుగురం.
మిగిలిన రెండూ ఎటు పోయేవో
ఏబెల్‌కి తెలుసు, మ్యాపులు గీసే వైదేహికి తెలుసు.
వడ్డించేవాడు మనవాడైతే... అంటూ
మా నాయనమ్మ సామెతను సగంలో ఆపి నవ్వేది.

మొన్న శనివారం తస్లీమా నోటుబుక్కు తెరిచింది.
కోపం లేదు. లెక్క ఉంది.
"అక్కా, నర్సింలు వంతుకు పదకొండు రైళ్లు.
నా వంతుకు పట్టాలన్నీ ఖాళీ.
గిదేం స్టేషన్?"
అందరూ నవ్వారు. నేనూ.
నర్సింలు నవ్వలేదు.

"కొండచిలువను నేనే సంపిన అని మా చెల్లెకు చెప్పిన.
మూడు దినాలు ఇంట్ల అదే ముచ్చట.
గిప్పుడు ఏమని చెప్పాలె అక్కా?
బయట చిల్లర గూడ జాలిపడే ఇస్తరు.
ఈడనన్న నా చావు నాకియ్యి."

ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం అంటారు.
వెన్న పెట్టిన కన్నూ మసకబారుతుందని
నాకెవరూ చెప్పలేదు.

అట్టలు మడిచి కుర్చీ కింద పెట్టాను.
బల్ల నడిమధ్యన వేశాడు. మూడు.
ఏ రైలూ రాలేదు.
కిటికీ వైపు చూశాను, అబద్ధమెందుకు.
వంతెన విరిగింది.
నర్సింలు తన వీరుడి పేరును రబ్బరుతో తుడవలేదు.
కింద గీత గీసి, తేదీ వేసి,
"జబర్దస్త్ సచ్చిండు" అన్నాడు
సమోసా అందుకుంటూ.

తర్వాతి వంతు తస్లీమాది.
వేసింది. నాలుగు మీద ఆగబోతుంటే
ఘట్‌కేసర్ లోకల్, ఈసారి నిజంగానే,
బల్లను కుదిపేసి పోయింది.
పాచిక పళ్లేనికి ఒరిగి
అంచు మీద నిలబడింది.

నలుగురూ నా వైపే చూస్తున్నారు.
మళ్లీ వెయ్యి అనాలి. రూలు అదే.
అది న్యాయమా, పాత బాకీ తీర్చడమా,
పదకొండేళ్లుగా తరాజులకు ముద్రలు వేస్తున్న నాకు
తూకం అందక
తెరిచిన నోరు
తెరిచినట్టే ఉంది.