తప్పుల గడి

బాలరాట్‌లో మార్చి గాలికి పళ్ళుంటాయి.
ఈతకొలను దగ్గర జనం, సైకిళ్ళ దగ్గర జనం,
విలువిద్యకు కూడా టిక్కెట్లు అయిపోయాయట.
బేస్‌బాల్ వైపు పదకొండు మంది, ఒక కుక్క,
సాసేజీలు కాల్చే రోటరీ క్లబ్బు పెద్దాయన.
నాలుగు దేశాలు, మూడు రోజులు,
అందరూ నలభై అయిదు దాటినవాళ్ళే,
క్రికెట్ మైదానం మీద సున్నంతో గీసిన వజ్రం.

"ఇండియన్‌వి కదా, స్కోరు రాయడం పుట్టుకతోనే వచ్చుంటుంది"
అంది అంపైరు నోరీన్ పాస్కో, నాకో పచ్చకోటు అందిస్తూ.
నాకొచ్చింది బిళ్ళంగోడు. దాని లెక్కంతా నోటితోనే,
గట్టిగా అరిచినవాడిదే గెలుపు.
వారమంతా మందుల షాపులో మాత్రలు లెక్కపెడతాను,
ఆ ధైర్యంతో నిచ్చెనెక్కాను,
మేకులకు అంకెల రేకులు తగిలించడానికి.

మొదటి గడి పరుగులు. రెండోది హిట్లు.
మూడోది తప్పులు.
రెండుసార్లు అడిగాను.
అవును, తప్పులే. వచ్చేపోయే కార్లకు కూడా కనబడేలా
మూరెడు అంకెల్లో.
నేనెరిగిన ఏ ఆటలోనూ తప్పుకి సొంత గడి లేదు.
ఏ ఇంట్లోనూ లేదు, కడుపులో తప్ప.

ఇల్లంటే ఇక్కడ ఐదు మూలల రబ్బరు పలక.
దుమ్ము పడ్డప్పుడల్లా నోరీన్ వంగి
వెనక జేబులోంచి అరచేతంత కుంచె తీసి
తెల్లారి వాకిలి ఊడ్చినట్టు ఊడుస్తుంది,
తన వెనుక వైపు ప్రేక్షకులకు తగలకుండా పక్కకి తిరిగి.

ఆదివారానికి పలావు జట్టులో ఎనిమిది మందే మిగిలారు.
(పలావంటే వంటకం కాదు, దేశం అని
మా చిన్నదానికి ఫోనులో చెప్పాల్సొచ్చింది.)
ఒకతనికి మడమ. ఇంకొకతనికి విమానం.
తొమ్మిదోవాణ్ణి ఎదుటి జట్టు న్యూజిలాండే అరువిచ్చింది:
తమాతి రువాకా, ప్లంబరు, యాభై ఎనిమిదేళ్ళు,
మోకాలికి పట్టీ.
నీలం చొక్కా సరిపోక
మధ్యలోని పసుపు చంద్రుడు పొట్ట మీద అడ్డంగా సాగాడు.
అరువు సొమ్ము బరువు చేటు
అనేది మా మేనత్త, గాజులు తిరిగిచ్చేస్తూ.

చివరి ఇన్నింగ్సు. ఇద్దరు ఔటు. స్కోరు సమానం.
కొట్టినవాడు న్యూజిలాండ్ వాడే,
పొద్దున తమాతితో ఒకే కారులో దిగినవాడు.
బంతి మబ్బులో కలిసి
చాలాసేపు ఆలోచించుకుని కిందికొచ్చింది.
తమాతి సరిగ్గా దాని కిందే ఉన్నాడు, రెండు చేతులూ పైకెత్తి.
గ్లవ్ అంచుకి తగిలి
గడ్డిలో పడింది.
మూడో బేసు మీదున్నవాడు నడుచుకుంటూ ఇల్లు చేరాడు.

గెలిచినవాళ్ళు కేకెయ్యలేదు.
కావాలనే వదిలేశాడా
అన్న మాట ఎవరూ అనలేదు,
ఎవరూ అనకపోవడం మాత్రం అందరికీ వినిపించింది.

నోరీన్ నా వైపు చూసింది.
హిట్టా, తప్పా? తీర్పు రాసేవాళ్ళదేనట, ఆ సంగతి అప్పుడు తెలిసింది.
తప్పయితే ఎవరి గడిలో?
దూరంగా తమాతి చెయ్యెత్తాడు, నాదే అన్నట్టు.
చెయ్యి దించలేదు.

పలావు కెప్టెన్ రెంగుల్‌బాయ్
మైదానమంతా దాటి, తొందరేమీ లేకుండా,
నా నిచ్చెన కిందికొచ్చి నిలబడ్డాడు.
"మాకు వెయ్యి," అన్నాడు. "ఇవాళ అతను మావాడు."

ఒకటి అంకె రేకు కోసం వెతికాను. ఉన్నవన్నీ పరుగులకే అయిపోయాయి.
కోటు జేబులో సుద్దముక్క ఉంది.
నిలువుగా ఒక గీత. పిల్లలు దిద్దేంత గీత.
దానికి నాకు పట్టినంతసేపు
పద్దెనిమిదేళ్ళ మాత్రల లెక్కలో ఎప్పుడూ పట్టలేదు.

తరవాత సాసేజీలు. తమాతి చొక్కా విప్పి మడతపెట్టి ఇవ్వబోతే
రెంగుల్‌బాయ్ రెండు చేతులూ రొట్టెతో నింపుకుని
తీసుకోవడానికి చెయ్యి ఖాళీ లేదన్నాడు.

రేకులన్నీ దించాను. గీత తుడవలేదు,
తడిగుడ్డ కింద ఎక్కడో ఉంది, దిగబుద్ధి కాలేదు.
పైనుంచి చూస్తే నోరీన్
పలకని మట్టిలోంచి పెకలించి
చంకలో పెట్టుకుని కారు దగ్గరికి పోతోంది,
వెనక జేబులో కుంచె.