తెల్లగుడ్డ మీద చుక్క

పుదుపేట సందులో ఆదివారం పొద్దున
కూవం వాసన గాలితోపాటు షెడ్డులోకొచ్చే వేళ
ఇద్దరు ఒక బూడిదరంగు కారు తెచ్చారు.
అమ్మేవాడి వేలికి తాళాలు గిరగిరా తిరుగుతున్నాయి.
పేరు వరదరాజులు. అప్పటికి నాకు నవ్వు రాలేదు.
కొనేది తాంబరం నర్సు, జ్ఞానసుందరి.
"నైట్ డ్యూటీలకి ఎడమ మోకాలు పోయిందన్నా,
క్లచ్చి లేని బండి గావాల" అంది.

స్కానర్ చివర్న తీస్తాను.
మస్తాన్ భాయ్ నేర్పింది అరచెయ్యి.
బ్రేకు తొక్కి, పిడి మీద చెయ్యేసి,
పీ నుంచి ఆర్‌కి జరిపి లెక్కపెట్టు.
ఒకటి, ఒకటిన్నర... ఈలోపు బండి భుజం కదపాలి.
అంతకన్నా ఆలోచిస్తే
నూనె తగ్గుండాలి, సీలు గట్టిపడుండాలి,
లేదా పంపుకి వయసొచ్చుండాలి.
ఇది మూడు దాకా ఆలోచించింది.

"చలికి సార్" అన్నాడు వరదరాజులు.
చెన్నైలో. ఏప్రిల్ నెలలో.

పూందమల్లి హైరోడ్డు మీద ఒక చుట్టు.
కాలు నొక్కితే ఇంజను అరుస్తుంది, ముల్లు లేస్తుంది,
బండి మాత్రం కదల్లేక కదుల్తుంది.
వంటింట్లో గరిటెల మోతే గాని
విస్తట్లోకి మెతుకు రానట్టు.
ఆదివారం గనక అరవై అందింది.
అక్కడ కాలు నిలకడగా పెడితే
రైలుకట్ట పక్కింట్లో గ్లాసుల వణుకు.
రెండు నుంచి మూడుకి మారేటప్పుడు
నడుం మీద తన్ను.

తన్ను తగలగానే గేర్‌బాక్సని తీర్పిచ్చేస్తారు.
నేనూ ఇచ్చాను ఒకప్పుడు, సైదాపేట టైలరు కారుకి.
పెట్టె మొత్తం విప్పాక తెలిసింది,
చచ్చింది ఇంజను కింద రబ్బరు దిమ్మ.
డబ్బు వెనక్కిచ్చాను. ఆయన మళ్ళీ పలకరించలేదు.
అందుకని ముందు దిమ్మలు చూశాను.
గట్టిగా ఉన్నాయి.
అప్పుడు మొదలైంది దిగులు.

ఇంజను తిరుగుతుండగా, వేడి మీద,
పుల్ల లాగి, తుడిచి, ముంచి, మళ్ళీ లాగి
పాత పంచె చింపు మీద ఒక్క చుక్క.
దానిమ్మరంగైతే దండం పెట్టి పంపుతాను.
డికాషన్ రంగైతే మార్చమంటాను.
నల్లగా, మాడిన పోపు కంపు కొడితే
బేరం వదులుకోమంటాను.

ఇది గులాబీ.
మైలాపూర్లో గ్లాసులో పోసిచ్చే రోజ్‌మిల్కు.

"వరదలో ఎంత లోతున నిలబడింది?"
"ఏ వరద సార్?" అన్నాడు వరదరాజులు.
ఇప్పుడు నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

"ఇంత ఇనప పెట్టెలో బరువు లాగేది
రేకుల మీద అతికించిన కాగితం లాంటి పొరమ్మా" అన్నాను.
"నూనెలో ఏళ్ళు బతుకుద్ది.
నీళ్ళు దూరితే జిగురొదిలి ఊడొస్తది.
వేళచ్చేరి సెల్లార్లో రెండు రాత్రులు చాలు."

తాళాలు తిరగడం ఆగింది.
"మూడు" అన్నాడు నేలకేసి చూస్తూ.
"మా ఇంట్లో ఫ్రిజ్జు తేలింది సార్.
ఇన్సూరెన్సోడు కాయితం లేదన్నాడు."

ఆమె కోప్పడుతుందనుకున్నా.
"బాగుచేస్తే ఎంతవుద్ది?" అనడిగింది, అతని కోసమో, తన కోసమో.
లక్షా పది అన్నాను. తలాడించింది.
రెండొందలు బల్ల మీద పెట్టి
ఎగ్మూరు స్టేషను వైపు నడిచింది.
ఎడమ పాదం కొంచెం ఆలస్యంగా పడుతోంది.
అలవాటు కొద్దీ లెక్కపెట్టాను.

వరదరాజులు పోలేదు.
డ్రైవరు సీట్లో తలుపు తెరుచుకుని కూర్చున్నాడు.
చాలాసేపటికి, గొంతు తగ్గించి,
"సార్, నూనె మార్చేస్తే
రంగు మారుద్దా?"

"మారుద్ది" అన్నాను. "రెండు వారాలు."

గూట్లో నాలుగు లీటర్ల డబ్బా ఉంది, సీలు తియ్యనిది.
ఇద్దరం దాని వైపే చూశాం.